ఇరవై రెండేళ్ల తడి

పర్లాకిమిడి నుంచి 22 ఏళ్ల అమ్మాయి రాసిన ఉత్తరం ఇది. ఎనిమిది పేజీలు. పేరు వేయవద్దని రెండుచోట్ల కింద గీత గీసి మరీ రాసింది. అందుకని ఆనవాళ్లు దొరకకుండా కుదించి చెబుతున్నాను.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. నాన్న కొమ్ముపని చేస్తారు, అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. అమ్మాయి బరంపురంలో హాస్టల్లో ఉండి బీఈడీ చదువుతోంది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకి లోపలి బట్ట పొడిగా ఉన్న రోజు లేదు. అందరిలాగే మూడు నాలుగు గంటలకోసారి మూత్రానికి వెళుతుంది, ఆపుకోగలదు, దగ్గినా నవ్వినా జారిపోదు. అయినా బొట్టు బొట్టుగా వచ్చే తడి మాత్రం ఆగదు. పొద్దున మంచం దిగి నిలబడగానే కాళ్ల మీదికి ఒక్కసారిగా కారుతుంది. "ఈ గుంటకి పక్క తడిపే బుద్ధి పోలేదు" అని చిన్నప్పుడు మామ్మ వీపు మీద చరిచేది. నువ్వుల ఉండలు తినిపించారు, తాయెత్తు కట్టారు, పొద్దుగూకాక మంచినీళ్లు ఇవ్వడం మానేశారు. ఆరో తరగతిలో పక్క పిల్ల ముక్కు మూసుకున్న రోజున చివరి బెంచీకి మారిపోయింది, మళ్లీ ముందుకు రాలేదు. ఉతికిన గుడ్డముక్కలు మేడ మీద ఆరేసి, వాటిపైన నాన్న తువ్వాలు కప్పేది. గుణుపురం పాసింజర్లో సీటు ఖాళీగా ఉన్నా తలుపు దగ్గర నిలబడే ప్రయాణం చేస్తుంది.

పెద్దమనిషి అయ్యాక ఒకచోట తెల్లబట్ట అని మందులిచ్చారు. ఇంకోచోట ఇన్ఫెక్షన్ అన్నారు. మరోచోట "మనసులో టెన్షన్, పెళ్లి చేస్తే పోతుంది" అన్నారు. ఈ మధ్య విశాఖలో ఒక డాక్టరమ్మ ఉత్తరంలో ఉన్నంత వివరంగా అడిగి, ఒక నీలిరంగు పరీక్ష చేసి, సీటీ స్కాన్ రాశారు. ఎడమ కిడ్నీ పైనొకటి కిందొకటిగా రెండు భాగాలుగా ఉందని, పై భాగం నుంచి వచ్చే మూత్రనాళం మూత్రసంచిలోకి వెళ్లకుండా యోని గోడలో తెరుచుకుందని తేలింది. యూరాలజిస్టు ల్యాపరోస్కోపీ ఆపరేషన్ అన్నారు. పై భాగం తీసేయడమా, దాని నాళాన్ని కింది నాళానికి కలపడమా అనేది ఇంకో స్కాన్ చేశాక చెబుతామన్నారు.

ఈలోగా పలాస నుంచి సంబంధం వచ్చింది. మాఘంలో నిశ్చితార్థం అనుకుంటున్నారు. "కిడ్నీ తీసిన పిల్ల అంటారు, పెళ్లయ్యాక చూద్దాం" అని అమ్మ. "నాకు రంధ్రాల ఆపరేషన్ మీద నమ్మకం లేదు, తెలిసిన డాక్టరు చేత పొట్ట కోయించి చేయిద్దాం" అని నాన్న. "మా కార్డులో పేరు ఎక్కించి, నిశ్చితార్థం లోపు గుట్టుగా చేయించేద్దాం" అని పాతపట్నం మావయ్య. "ఇన్నేళ్లు లేదా, ఇప్పుడేం ముంచుకొచ్చింది" అని పిన్ని. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికి వచ్చాననీ, అందుకే ఇలా అయిందనీ అమ్మ రాత్రిళ్లు ఏడుస్తోంది.

ఆమె అడిగినవి నాలుగు. ఏ ఆపరేషన్ మంచిది? పిల్లలు పుడతారా? ఆ అబ్బాయికి చెప్పాలా? ప్రాక్టీస్ టీచింగ్‌కి మీగడ రంగు చీర యూనిఫాం ఇచ్చారు, అది ఎప్పుడు కట్టుకోగలను?

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తువ్వాలు కప్పడం దగ్గర ప్రతిసారీ ఆగిపోయాను. మీరు అడగకపోయినా మొదట చెప్పాల్సింది ఒకటుంది. మీరు మూత్రం ఆపుకోలేని మనిషి ఏనాడూ కాదు. మీ మూత్రసంచి, దాని కండరం, దాన్ని ఆపే మీ పట్టు, అన్నీ బాగానే పనిచేస్తున్నాయి. మూడు నాలుగు గంటలు ఆపుకోగలుగుతున్నారంటే అర్థం అదే. కుడి కిడ్నీ నుంచి ఒక నాళం, ఎడమ కిడ్నీ కింది భాగం నుంచి ఒక నాళం పద్ధతిగా మూత్రసంచిలోకే వచ్చి పడుతున్నాయి. మూడోది ఒక్కటే ఆ సంచిని తప్పించి కిందికి దిగిపోయింది. దానికి అడ్డుకట్ట లేదు. కాబట్టి పగలనక రాత్రనక, కిడ్నీ ఎంత తయారుచేస్తే అంతా బొట్టుబొట్టుగా బయటికి వస్తుంది. మీరు ఎంత గట్టిగా బిగబట్టినా ఆ నాళానికి మీ మాట చేరదు. పొద్దున లేవగానే ఎక్కువ రావడానికి కారణం కూడా ఇదే. పడుకున్నప్పుడు నాళంలోనూ యోనిలోనూ నిలిచిన మూత్రం మీరు నిలబడగానే జారుతుంది.

మీ అమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి. కడుపులో బిడ్డ పడి నాలుగైదు వారాలయ్యేసరికి, అంటే చాలామంది తల్లులు నెల తప్పిందని గమనించే రోజుల్లోనే, కిడ్నీ కోసం ఒక చిన్న మొగ్గ వేస్తుంది. మీకు ఎడమవైపు ఒక మొగ్గ బదులు రెండు వేశాయి. రెండు మొగ్గలు వేసినప్పుడు పై భాగపు నాళం కిందికి, కింది భాగపు నాళం పైకి తెరుచుకోవడం డాక్టర్లకు బాగా తెలిసిన నియమం. పై భాగపు నాళం మరీ కిందికి జారితే మీలాగా అవుతుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. ఆవిడ తిన్నదానికీ, నడిచినదానికీ, చూసినదానికీ కూడా లేదు. కిడ్నీ రెండు భాగాలుగా ఉండటం నూటికి ఒకరిలో కనబడేదే, చాలామందికి జీవితాంతం తెలియదు కూడా. నాళం ఇలా దారి తప్పడం మాత్రం బాగా అరుదు. మగపిల్లల్లో అది మూత్రాన్ని ఆపే కండరానికి పైనే తెరుచుకుంటుంది కనుక ఇలా కారదు. ఆడపిల్లల్లోనే ఆ కండరాన్ని దాటి కిందికి వస్తుంది.

ఇంతమంది డాక్టర్లు ఎలా పోల్చుకోలేకపోయారని మీరు కోపంగా రాశారు. ఆ కోపం న్యాయమైనదే. మామూలు అల్ట్రాసౌండ్‌లో చిన్నగా ఎండిపోయిన పై భాగం కనబడకుండా పోవచ్చు. కానీ స్కానింగ్ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మామూలుగా మూత్రానికి వెళుతూ కూడా ఎప్పుడూ తడిగానే ఉంటుందా? విశాఖ డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగారు. ఆ తర్వాత చేసిన నీలిరంగు పరీక్ష గురించి మీరు "ఏదో రంగు ఎక్కించారు" అని ఒక్క లైనులో దాటేశారు. అది ఏమిటో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. సన్నని గొట్టంతో మూత్రసంచిలోకి నీలిరంగు నీళ్లు ఎక్కిస్తారు. లోపల తెల్లని దూది పెట్టి కాసేపు నడవమంటారు. మూత్రసంచిలోంచే కారుతుంటే దూది నీలంగా మారుతుంది. మీ దూది తడిసింది, కానీ తెల్లగానే ఉంది. ఆ తెల్లటి తడి దూది ఇన్నాళ్లూ మీ మాట నమ్మనివాళ్లందరికీ జవాబు. ఆ తడి మూత్రసంచి నుంచి రావడం లేదని, పైనుంచి తిన్నగా దిగుతోందని అది చూపించింది.

మీ ఉత్తరం పక్కన పెట్టి, చిన్న ఆడపిల్లలున్న తల్లులకు ఒక మాట. పక్క తడిపే పిల్ల పగలు పొడిగా ఉంటుంది, లేదా కొన్ని రోజులు తడిసి కొన్ని రోజులు పొడిగా ఉంటుంది. నాలుగేళ్లు దాటి, చక్కగా మూత్రానికి వెళుతూ, ఆ వెళ్లొచ్చిన పది నిమిషాలకే చెడ్డీ మళ్లీ తడిగా ఉంటే ఆ పిల్లని కొట్టకండి. నువ్వుల ఉండలు తింటే నష్టం లేదు గానీ వాటితో కాలం గడపకండి. పిల్లల సర్జన్‌కో యూరాలజిస్టుకో "ఎప్పుడూ తడే" అన్న ఆ ఒక్క మాట చెప్పండి.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఏ ఆపరేషన్ అనేది మీరూ నేనూ మావయ్యా కలిసి తేల్చేది కాదు, ఆ పై భాగంలో ఎంత ప్రాణముందో దాన్నిబట్టి తేలాలి. డాక్టరు అడిగిన ఇంకో స్కాన్ డీఎంఎస్ఏ అయి ఉంటుంది. చేతి నరంలోకి చిన్న ఇంజెక్షన్ ఇచ్చి, రెండు మూడు గంటలు ఆగాక కెమెరా కింద పడుకోబెడతారు. కిడ్నీలో పనిచేసే కండ ఎక్కడెక్కడ ఎంతుందో బొమ్మ వస్తుంది. దాన్ని చూడకుండా ఎవరైనా "తీసేద్దాం" అన్నా "కలిపేద్దాం" అన్నా ఆగమనండి. రిపోర్టు వచ్చాక డాక్టరుని అడగాల్సిన ప్రశ్న సూటిగా ఇది: మొత్తం పనిలో ఈ పై భాగం వంతు ఎంత?

ఆ వంతు దాదాపు ఏమీ లేదంటే, పై భాగాన్నీ దాని నాళాన్నీ తీసేయడం ఒక దారి. దీన్నే మీ అమ్మగారు "కిడ్నీ తీయడం" అని భయపడుతున్నారు. ఎడమ కిడ్నీలో పనిచేసే కింది భాగం అలాగే ఉంటుంది, కుడి కిడ్నీ అలాగే ఉంటుంది. పోయేది ఇన్నాళ్లూ బట్ట తడపడం తప్ప ఏ పనీ చేయని ఒక ముక్క. ఇందులో సుఖమేమిటంటే తడికి మూలమే పోతుంది, చాలామందికి మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు. కష్టం కూడా చెబుతాను. కిందా పైనా రెండు భాగాలకీ రక్తనాళాలు పక్కపక్కనే ఉంటాయి. పైవాటిని కట్టేటప్పుడు కిందివాటికి దెబ్బ తగలకూడదు. తగిలితే మంచి భాగం కూడా పాడయ్యే ప్రమాదం ఉంది, అది అరుదే గానీ లేకపోలేదు. రక్తం పోవడం, కోసిన అంచు నుంచి కొన్ని రోజులు మూత్రం ఊరడం కూడా ఉండొచ్చు. నాళం చివరి ముక్క పొత్తికడుపులో మిగిలి, ఎప్పుడో ఒకసారి చీము పట్టి మళ్లీ చూడాల్సి రావడం కొందరిలో జరుగుతుంది. అందుకని నాళాన్ని ఎంత కిందిదాకా తీస్తారని అడగండి.

పై భాగం కాస్తో కూస్తో పనిచేస్తుంటే, దాని నాళాన్ని పక్కనే ఉన్న మంచి నాళంలోకి కలిపి కుట్టడం రెండో దారి. కిడ్నీలో ఒక్క ముక్క కూడా పోదు, రక్తనాళాల జోలికి వెళ్లే పని తక్కువ. అక్కడి నుంచి ఆ మూత్రం కూడా మూత్రసంచిలోకే పోతుంది. అయితే కుట్టిన చోటు మానేదాకా లోపల సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంచుతారు, స్టెంట్ అంటారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ మూత్రం వచ్చినట్టుంటుంది, నడుం దగ్గర లాగుతుంది, కొంచెం ఎర్రజీర కనబడొచ్చు. భయపడక్కర్లేదు. భయపడాల్సింది దాన్ని తీయించుకోవడం మరిచిపోతేనే. నెలలు గడిస్తే దాని చుట్టూ రాయి కడుతుంది, అప్పుడది వేరే ఆపరేషన్. డిశ్చార్జి రోజే తీసే తేదీ రాయించుకుని గోడ క్యాలెండర్ మీద ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టండి. కుట్టు దగ్గర ఊరడం, తర్వాత ఎప్పుడో సన్నబడటం ఈ దారిలో ఉండే రిస్కులు.

రెండు నాళాలనీ కలిపి మూత్రసంచిలో కొత్తగా పాతడం ఇంకో పద్ధతి. కింది నాళంలో కూడా లోపముంటే, అంటే సంచిలోని మూత్రం వెనక్కి పైకి ఎగదన్నుతుంటే, దాన్ని ఎంచుకుంటారు. మీ రిపోర్టులో అలాంటిదేమీ రాయలేదని మీరు కాపీ చేసి పంపిన వాక్యాలనిబట్టి అర్థమైంది, అయినా డాక్టరు నోట వినండి. పనిచేయని భాగపు నాళాన్ని తీయకుండా క్లిప్పులతో మూసేసే చిన్న ఆపరేషన్ కూడా కొన్నిచోట్ల చేస్తున్నారు. తక్కువ సమయంలో అయిపోతుంది గానీ మూసిన గొట్టంలో ఇన్ఫెక్షన్ చేరితే మళ్లీ తీయాల్సి వస్తుంది. మీకు ఇప్పటికే రెండు మూడుసార్లు జ్వరంతో ఇన్ఫెక్షన్ వచ్చింది కనుక, ఎవరైనా ఇది సూచిస్తే ఆ సంగతి గుర్తుచేయండి.

ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక దారే. పిన్నిగారి మాటని ఊరికే కొట్టిపారేయను. ఇది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదు, నెల రెండు నెలలు ఆగితే కొంప మునగదు. కానీ "పెళ్లయితే పోతుంది" అన్నది మాత్రం జరగదు. నాళం తానుగా చోటు మార్చుకోదు. తడి ఉంటుంది, చర్మం ఒరుసుకుపోవడం ఉంటుంది, ఇన్ఫెక్షన్లు వస్తూ పోతూ ఉంటాయి. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా పాకడం మామూలు రోజుల కన్నా తేలిక. నా అభిప్రాయం అడిగితే, కడుపు పండక ముందే దీన్ని సరిచేయించుకోవడం మేలు. ఈలోగా చలిజ్వరంతో నడుం నొప్పి వస్తే మాత్రం ఏ ముహూర్తమూ చూడకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఆపరేషన్ ముందు కూడా మూత్రం కల్చర్ చేయించి, క్రిములు లేవని చూశాకే చేస్తారు.

నాన్నగారి సంగతి. పొట్ట కోసి చేసినా, రంధ్రాల నుంచి చేసినా లోపల చేసే పని ఒకటే. మత్తు కూడా రెండింటికీ పూర్తి మత్తే. తేడా ఎక్కడంటే, కిడ్నీ పక్కటెముకల కింద ఉంటుంది, నాళం చివర పొత్తికడుపులో ఉంటుంది. కోసి చేస్తే పక్కన ఒక పెద్ద కోత, చాలాసార్లు కింద ఇంకో కోత కావాలి, కండ కోయాలి. ల్యాపరోస్కోపీలో అర అంగుళం కూడా లేని మూడు నాలుగు రంధ్రాల నుంచే పైనుంచి కిందిదాకా చూడగలరు, కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది. మూడు నాలుగు రోజుల్లో ఇంటికి, రెండు మూడు వారాల్లో తేలిక పనులకి. నీళ్ల బిందె ఎత్తడం మాత్రం నెల పైన ఆపాలి. పొట్టని గ్యాస్‌తో ఉబ్బిస్తారు కనుక ఒకటి రెండు రోజులు భుజం నొప్పి పెడుతుంది, దానికి కంగారుపడొద్దు. ఇది కొత్త ప్రయోగమని నాన్న అనుకుంటున్నట్టున్నారు. ఈ పద్ధతిలో కిడ్నీ తీసిన మొదటి ఆపరేషన్ అమెరికాలో 1990లో రాల్ఫ్ క్లేమన్ చేశారు. మూడు దశాబ్దాలు దాటింది.

అయితే నాన్న భయంలో ఒక నిజం ఉంది, దాన్ని వదిలేయకండి. కొమ్ము దువ్వెనకి పళ్లు కోసే రంపం అందరింట్లోనూ ఉండొచ్చు, పన్ను విరగకుండా కోసే చేయి ఎవరికో ఉంటుందని ఆయనకి మీకన్నా బాగా తెలుసు. ఇక్కడా అంతే. రాళ్ల ఆపరేషన్లు వందలు చేసిన డాక్టరు ఇలాంటి రెండు భాగాల కిడ్నీ చేసి ఉండకపోవచ్చు. "ఇలాంటివి మీరు ఎన్ని చేశారు, చివరిసారి ఎప్పుడు చేశారు" అని నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మంచి డాక్టరు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. "మధ్యలో అవసరమైతే కోత పెడతాం" అని కాగితంలో రాస్తే అది మోసం కాదు, మీ ప్రాణానికి జాగ్రత్త. విశాఖ కేజీహెచ్‌లో, భువనేశ్వర్ ఎయిమ్స్‌లో యూరాలజీ విభాగాలున్నాయి. మీ హాస్టల్‌కి దగ్గరలో బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, అక్కడా ఒకసారి ఫైలు చూపించండి. రెండో అభిప్రాయం అడిగితే మొదటి డాక్టరుని అవమానించినట్టు కాదు.

డబ్బు విషయంలో మావయ్య మాట వినకండి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మీ ఊరు ఆ వైపుకి వెళ్లింది, పాతపట్నం ఈ వైపు ఉండిపోయింది. చుట్టరికాలకి ఆ గీత లేదు గానీ కార్డులకి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ ఆంధ్రలో నివాసమున్న కుటుంబాలకి. ఆయన రైస్ కార్డులో మీ పేరు ఎక్కిస్తే ఆధార్ చిరునామా దగ్గరే దొరికిపోతారు. ఆపరేషన్ తేదీ ఇచ్చాక అనుమతి ఆగిపోవచ్చు, ఆయన కార్డుకే చిక్కు రావచ్చు. మీకు మీ సొంత కార్డు ఉంది. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, ఇంటి ఆడవాళ్లకి అదనంగా మరో 5 లక్షల దాకా. ఆ కార్డు మీద ఇతర రాష్ట్రాల్లో ఆయుష్మాన్ జాబితాలో ఉన్న ఆస్పత్రుల్లో కూడా వైద్యం చేయించుకోవచ్చు. విశాఖలోనే చేయించుకోవాలనుకుంటే, చేరకముందే ఆ ఆస్పత్రి ఆయుష్మాన్ కౌంటర్లో "మాది ఒడిశా కార్డు, ఈ ఆపరేషన్‌కి ముందస్తు అనుమతి వస్తుందా" అని అడిగి, జవాబు వచ్చాకే టికెట్లు తీయండి. స్టెంట్ తీయడానికి మళ్లీ రావాలి, ఆ దారిఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పిల్లల గురించి. గర్భసంచి, అండాశయాలు వేరు, ఈ నాళం వేరు. ఈ ఆపరేషన్ వల్ల పిల్లలు పుట్టకుండా పోరు. మీకు నెలసరి సరిగ్గా వస్తోందని రాశారు, అది మంచి గుర్తు. పుట్టుకతో కిడ్నీలో తేడా ఉన్నవాళ్లలో కొందరికి గర్భసంచి ఆకారంలోనూ తేడా ఉంటుంది కాబట్టి, చేసిన స్కాన్‌లో అది మామూలుగానే ఉందా అని ఒక్కమాట అడిగి రాయించుకోండి.

ఆపరేషన్‌కి ముందో, అదే బల్ల మీదో సన్నని కెమెరాతో మూత్రమార్గం, యోని లోపల చూస్తారు. ఈ మాట విని అమ్మ ఎందుకు వణికిపోయారో మీరు రాయకపోయినా తెలుస్తోంది. అది పెన్ను కన్నా సన్నని గొట్టం, మత్తులో ఉండగా చూస్తారు. ఆడ నర్సు పక్కన ఉండాలని అడిగే హక్కు మీకుంది. నాళం ఎక్కడ తెరుచుకుందో కళ్లతో చూడటం మీ ఆపరేషన్ మంచికోసమే. ఒప్పుకోలు కాగితం మీద సంతకం మీదే ఉండాలి. మీకు 22 ఏళ్లు.

ఇక ఆ అబ్బాయి. ఇక్కడ మీకు మూడు దారులు కనబడుతున్నాయి. మావయ్య చెప్పినట్టు గుట్టుగా చేయించి ఎవరికీ చెప్పకపోవడం మొదటిది. నిశ్చితార్థం సజావుగా జరిగిపోవచ్చు. కానీ రంధ్రాల మచ్చలు చిన్నవే అయినా ఉంటాయి, ఫైలు ఉంటుంది, రేపు గర్భంతో ఉన్నప్పుడు డాక్టరు "ఇదివరకు ఏమైనా ఆపరేషన్ జరిగిందా" అని ఆ అబ్బాయి ముందే అడుగుతారు. 22 ఏళ్లు తువ్వాలు కింద దాచినది ఇంకో ఇంట్లో ఇంకో తువ్వాలు కింద దాచాల్సి వస్తుంది. రెండోది, ఇప్పుడే చెప్పడం. సంబంధం తప్పిపోవచ్చు, పలాస నుంచి పర్లాకిమిడికి మాట ఎంత త్వరగా వస్తుందో మీకు తెలుసు. ఆ నొప్పి చిన్నదని నేను అనను. మూడోది, నిశ్చితార్థం రెండు మూడు నెలలు వెనక్కి జరిపి, ఆపరేషన్ అయ్యాక, పొడిగా ఉన్న మనిషిగా కూర్చుని చెప్పడం. అవతలివాళ్లు ఆగకపోవచ్చు, ఎందుకు జరుపుతున్నారని అడుగుతారు. దానికి "పిల్లకి చిన్న ఆపరేషన్ ఉంది" అని నిజమే చెప్పాలి.

నా మనసు రెండో దానివైపూ మూడో దానివైపూ ఉంది. మొదటి దానివైపు లేదు. చెబితే పెద్దల చేత కబురు పంపకండి, కబురు దారిలో పెరుగుతుంది. ఆ అబ్బాయితో మీరే మాట్లాడండి. ఇలా చెప్పొచ్చు: "నాకు పుట్టుకతో ఒక మూత్రనాళం ఉండాల్సిన చోట కాకుండా వేరే చోట తెరుచుకుంది. అందువల్ల తడి ఉండేది. కెమెరా ఆపరేషన్‌తో సరిచేస్తారు. రెండు కిడ్నీలూ ఉంటాయి. పిల్లలకి అడ్డు లేదు. మీకు సందేహముంటే డాక్టరు దగ్గరికి కలిసి వెళదాం." ఇంతే. క్షమాపణ చెబుతున్నట్టు మాట్లాడకండి. ఆ చివరి వాక్యానికి అతను ఏమంటాడో వినండి. అతనితో మీ జీవితం ఎలా ఉంటుందో అందులో కొంత తెలుస్తుంది.

"బరంపురంలో ఒడియాలో చెప్పలేక, ఇంట్లో తెలుగులో చెప్పలేక నోరు మూసుకున్నాను" అని మీరు ఐదో పేజీలో రాశారు. మీరు నడిచే వీధుల్లోనే గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పారు. జనం మాట్లాడే మాటే రాయాలని పట్టుబట్టారు, కొండల్లోని సవరల భాష నేర్చుకుని వాళ్లకి పుస్తకాలు రాశారు. ఆ ఊరి పిల్లకి తన ఒంటి బాధ చెప్పడానికి మాట లేకపోవడం నన్ను బాధపెట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఒక కాగితం మీద మీకు వచ్చిన తెలుగులోనే రాసుకోండి, నాకు రాసినట్టే. రోజుకి ఎన్ని గుడ్డలు మారుస్తారు, ఎప్పుడెప్పుడు జ్వరం వచ్చింది, ఏ మందులు వాడారు. ఒడిశా ఆస్పత్రి అయితే హాస్టల్ స్నేహితురాలి చేత ఒడియాలో రాయించండి. ఒప్పుకోలు కాగితం మీకు అర్థమయ్యే భాషలో చదివి వినిపించమని అడగండి, అమ్మకి తెలుగులో చెప్పమనండి.

చివరిగా చీర సంగతి. పై భాగం తీసేస్తే, ఒకటి రెండు రోజులకి యూరిన్ గొట్టం తీశాక మీకే తెలుస్తుంది. మిగిలిన నాళం ముక్క నుంచి కొన్ని రోజులు కొంచెం చెమ్మ రావచ్చు, తర్వాత అదీ పోతుంది. నాళాలు కలిపితే కారడం ఆగుతుంది గానీ స్టెంట్ తీసేదాకా ఎర్రజీర ఉంటుంది కనుక అప్పటిదాకా ముదురు రంగులే కట్టండి. మీ ప్రాక్టీస్ టీచింగ్ ఫాల్గుణంలో అన్నారు. ఇప్పుడు కార్తీకం. డీఎంఎస్ఏ ఈ నెలలో చేయించుకుని, మార్గశిరంలో రెండో అభిప్రాయం తీసుకుని, పుష్యం మొదట్లో ఆపరేషన్ అయితే అందుతుంది. కొలతలు కొంచెం మారొచ్చు, మీగడ రంగు జాకెట్‌కి రెండు పక్కలా కాస్త బట్ట వదిలి కుట్టమని అమ్మకి చెప్పండి.